హెడ్ బోల్టులు: పాతవి వేయవచ్చా, మరలకు నూనె రాయాలా, మళ్లీ బిగించాలా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. బెంగళూరు నుంచి అనంతపురం వస్తుండగా పెనుకొండ దాటాక మీ 1.3 లీటర్ల డీజిల్ కారు వేడెక్కి ఆగిపోయింది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై మూత అయిన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) కాలిపోయిందని తేలడంతో హెడ్‌ను ఫేసింగ్‌కు (అడుగు ముఖాన్ని మెషిన్ మీద కోసి చదును చేయడానికి) పంపారు. పాత బోల్టులు చూడటానికి బాగానే ఉన్నాయి కనుక వాటినే కడిగి వేస్తానని మెకానిక్ అంటున్నారు. కొత్తవి కొనాలా, మరలకు నూనె రాయాలా లేక పొడిగానే వేయాలా, ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలా అన్నవి మీ మూడు సందేహాలు. మాన్యువల్‌లో మొదట కొంత టార్కు (బోల్టును తిప్పే బలం), ఆపైన ఇన్ని డిగ్రీలు తిప్పాలన్న లెక్క ఉందని మీరే రాశారు. ఆ ఒక్క వివరంతోనే జవాబులో సగం తేలిపోతుంది.

కొత్త బోల్టులే వేయించండి. బ్లాకులోని బోల్టు రంధ్రాలను అడుగు దాకా శుభ్రం చేయించి, తడి లేకుండా ఆరబెట్టించండి. మాన్యువల్ వేరే విధంగా చెప్పకపోతే మరలకూ, బోల్టు తల కింది భాగానికీ ఇంజిన్ ఆయిల్‌ను పలుచగా రాయాలి. డిగ్రీల బిగింపు పూర్తయ్యాక, మాన్యువల్ అడిగితే తప్ప మళ్లీ పానా పెట్టకూడదు.

మీరు బోల్టుల గురించి అడిగారు గానీ అవి దిగే రంధ్రాల గురించి అడగలేదు. కడపలో చాలా ఏళ్లుగా ఇంజిన్ పనులే చేస్తున్నాను. ఒకచోట హెడ్ పని చేయించుకుని మళ్లీ అదే జబ్బుతో నా దగ్గరికి వచ్చిన బండ్లలో బోల్టుల నాణ్యత కంటే రంధ్రాల్లోని తడి, మురికి ఎక్కువసార్లు కారణంగా కనిపించాయి. అందుకని ఆ సంగతికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందుగా బోల్టు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. బిగించినప్పుడు బోల్టు కొద్దిగా సాగుతుంది. సాగిన ఉక్కు తన అసలు పొడవుకు రావాలని లాగుతూ ఉంటుంది, ఆ లాగుడే హెడ్‌నూ గ్యాస్కెట్‌నూ బ్లాకుకు అదిమి ఉంచుతుంది. ఎంత బిగువు అవసరమో చిన్న లెక్కతో చూద్దాం. బోర్ (లోపలి వ్యాసం) 70 మిల్లీమీటర్లు ఉన్న సిలిండర్ వైశాల్యం 38 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. డీజిల్ మండినప్పుడు లోపలి ఒత్తిడి 140 బార్‌కు చేరిందనుకుంటే, ఆ ఒక్క సిలిండర్ హెడ్‌ను 5 టన్నులకు పైగా బలంతో పైకి నెడుతుంది. ఇంజిన్ తిరిగినంతసేపూ ప్రతి సిలిండర్‌లోనూ ఈ దెబ్బ పడుతూనే ఉంటుంది. 10.9 గ్రేడు (ఉక్కు బలాన్ని చెప్పే అంకె), 10 మిల్లీమీటర్ల బోల్టు తన ఈల్డ్ పాయింట్ (ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యే హద్దు) దగ్గర నాలుగైదు టన్నుల బిగువు ఇవ్వగలదు. సిలిండర్ చుట్టూ ఉండే నాలుగు బోల్టులూ సమానంగా లాగితేనే గ్యాస్కెట్ నిలుస్తుంది. ఒకటి తక్కువ లాగితే మొదట కాలేది గ్యాస్కెట్‌లో ఆ వైపు అంచే.

చిక్కు ఎక్కడంటే, ఈ బిగువును మనం నేరుగా కొలవలేం. పెట్టిన అంకెకు చేరగానే టక్కుమనే టార్కు రెంచి చూపించేది బోల్టును తిప్పడానికి పట్టిన శ్రమనే. ఆ శ్రమలో దాదాపు సగం బోల్టు తలకూ దాని కింది వాషరుకూ మధ్య రాపిడిలో, మరో 40 శాతం మరల మధ్య రాపిడిలో ఖర్చవుతుంది. మిగిలిన 10 శాతం మాత్రమే బోల్టును సాగదీస్తుంది. రాపిడి కొంచెం మారినా ఆ 10 శాతం తారుమారవుతుంది. తుప్పు పట్టిన మరలో 60 న్యూటన్ మీటర్లకు రెంచి టక్కుమన్నా బోల్టు సరిగ్గా సాగి ఉండదు. అదే 60కి నూనె రాసిన మరలో బిగువు పొడి మరకంటే పావు వంతుకు పైగా పెరగవచ్చు. రెంచి మాత్రం రెండు చోట్లా ఒకే మాట చెబుతుంది. బోల్టును సిద్ధం చేయడం అంటే ప్రతి బోల్టులోనూ రాపిడి ఒకేలా ఉండేలా చూడటం. కింద చెప్పేవన్నీ దానికోసమే.

డిగ్రీల పద్ధతి వచ్చింది కూడా ఈ ఇబ్బందిని తప్పించడానికే. మొదటి చిన్న టార్కుతో హెడ్, గ్యాస్కెట్, బ్లాకు మూడూ ఆనుకుంటాయి. ఆపైన బోల్టును 90 డిగ్రీలు తిప్పితే, మర దూరం (ఒక మర నుంచి పక్క మరకు ఉన్న దూరం) 1.25 మిల్లీమీటర్లు ఉన్న బోల్టు సుమారు 0.31 మిల్లీమీటర్లు కిందికి దిగి తీరాలి, రాపిడి ఎంతున్నా ఆ కొలత మారదు. అందులో కొంత గ్యాస్కెట్‌నూ హెడ్‌నూ అదమడానికి పోతుంది, మిగిలినంతా బోల్టు సాగడానికే. ఇలా బిగించే బోల్టులను చాలా ఇంజిన్లలో ఈల్డ్ పాయింట్ దాకా, కొన్నిటిలో దాన్ని కాస్త దాటేదాకా తీసుకెళ్తారు. అక్కడికి చేరాక ఉక్కు ఇంకాస్త సాగినా బిగువు పెద్దగా పెరగదు, కాబట్టి అన్ని బోల్టులూ దాదాపు ఒకే బిగువుతో నిలుస్తాయి. దీనికి ఇంకో లాభం ఉంది. అల్యూమినియం వేడికి ఉక్కుకంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది. 100 మిల్లీమీటర్ల మందం ఉన్న హెడ్ 70 డిగ్రీలు వేడెక్కితే, బోల్టు పెరిగేదానికంటే అది సుమారు 0.08 మిల్లీమీటర్లు ఎక్కువ పెరుగుతుంది. సన్నని నడుముతో పొడవుగా చేసిన బోల్టు ఆ తేడాను ఓర్చుకుంటుంది.

మరి పాత బోల్టు ఎందుకు పనికిరాదు? ఈల్డ్ దాటిన ఉక్కు విప్పాక పూర్తిగా వెనక్కి రాదు, కొంత శాశ్వతంగా పొడవవుతుంది. దాన్ని మళ్లీ అన్నే డిగ్రీలు తిప్పితే సాగడానికి మిగిలిన అవకాశం తక్కువ కనుక నడుము దగ్గర సన్నబడుతుంది, లేదా తెగుతుంది. మీ బండి వేడెక్కి ఆగింది, అంటే ఆ బోల్టులు మామూలుకంటే ఎక్కువ లాగుడును చూశాయి. తనిఖీ చేసి మళ్లీ వాడుకోవచ్చని చెప్పే ఇంజిన్లు కూడా ఉన్నాయి. వాటి మాన్యువల్‌లో గరిష్ఠ పొడవో, మరల దగ్గర కనీస వ్యాసమో అంకెతో ఇస్తారు. ఆ అంకె ఉంటే వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం)తో కొలిచి నిర్ణయించుకోవచ్చు. అంకె లేకుండా కొత్తవి వేయమని రాస్తే కొత్తవే వేయాలి.

మీ మెకానిక్‌ను నొప్పించకుండా ఈ సంగతి చూపించే మార్గం ఒకటుంది. కొత్త బోల్టునూ పాత బోల్టునూ పక్కపక్కన పెట్టి, ఒకదాని మరలు మరొకదాని సందుల్లో కూర్చునేలా కలిపి, వెలుతురుకు ఎదురుగా పట్టుకోమనండి. రెండూ ఒకే కొలతలో ఉంటే మొదటి మర నుంచి చివరి మర దాకా సందు కనిపించదు. పాతది సాగి ఉంటే నాలుగైదు మరలు దాటాక సన్నని వెలుగు గీత మొదలై, పోనుపోను వెడల్పవుతుంది. ఎక్కువగా సాగిన బోల్టులో నడుము సన్నబడటం వేలికే తెలుస్తుంది. అలాగని గీత కనిపించకపోతే బోల్టు మంచిదేనని అర్థం కాదు. కంటికి దొరకనంత సాగుదల కూడా డిగ్రీల బిగింపులో తేడా తెస్తుంది.

కొత్త బోల్టులు కొనేటప్పుడు ఇంజిన్ నంబరు చెప్పి అదే ఇంజిన్‌కు చెందిన సెట్టును అడగండి. ఒకటి రెండు తగ్గాయని హార్డ్‌వేర్ దుకాణంలో అదే లావు బోల్టు తెచ్చి వేయడం చాలా ప్రమాదం. తల మీద 8.8 అని ఉన్న బోల్టు చదరపు మిల్లీమీటరుకు సుమారు 640 న్యూటన్ల దగ్గరే శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది, 10.9 బోల్టు 900 దాకా ఆగుతుంది. ఒకే హెడ్‌లో ఈ రెండు రకాలూ ఉంటే బిగువు సమానంగా ఉండే అవకాశమే లేదు.

ఇక రంధ్రాలు. హెడ్ దించేటప్పుడు కూలెంటూ ఆయిలూ ఒలికి ఈ రంధ్రాల్లోకే చేరతాయి. వాటిలో చాలావాటికి అడుగు మూసి ఉంటుంది. అడుగున అర చెంచా ద్రవం ఉన్నా, బోల్టు దిగుతుండగా దానికి పైకి వచ్చే దారి దొరకదు, ద్రవం కుంచించుకుపోదు. అప్పుడు జరిగేవి రెండు. బోల్టు ఆ ద్రవం మీద ఆగిపోయి, హెడ్‌ను అదమకుండానే రెంచి టక్కుమంటుంది. లేదా బలవంతంగా తిప్పితే బ్లాకే చిట్లుతుంది. రాయచోటి నుంచి వచ్చిన ఒక కారు సంగతి చెబుతాను. వేరే చోట హెడ్ పని చేయించుకున్న కొద్ది రోజులకే గువ్వలచెరువు ఘాట్ ఎక్కినప్పుడల్లా కూలెంట్ తగ్గిపోతోందని తెచ్చారు. హెడ్ దించి చూస్తే గ్యాస్కెట్‌లో సిలిండర్ చుట్టూ ఉండే ఉక్కు వలయం ముద్ర మూడు వైపులా స్పష్టంగా పడింది, నాలుగో వైపు వేలు రాస్తే చెరిగిపోయేంత మసక గీత మాత్రమే ఉంది. ఆ వైపు రెండు బోల్టుల కొసలూ తడిగా బయటికి వచ్చాయి, రంధ్రం అడుగున నల్లని ముద్ద ఉంది. బ్లాకు చిట్లకపోవడం ఆ యజమాని అదృష్టం. కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు, పొడి రంధ్రాలతో ఆ బండి ఘాట్ మీదుగానే తిరుగుతోంది.

శుభ్రం చేసే క్రమం ఇలా ఉంటే మంచిది. ముందుగా సిలిండర్లనూ, ఆయిల్, కూలెంట్ దారులనూ శుభ్రమైన గుడ్డతో మూయాలి. సన్నని కడ్డీకి గుడ్డ చుట్టి రంధ్రం అడుగున ఉన్న తడిని పీల్చాలి. ఆ తర్వాత మరల్లోని మురికి తీయాలి. దానికి కోసే ట్యాపు వాడకూడదు, అది మురికితోపాటు బ్లాకులోని లోహాన్నీ గీరేసి మరను వదులు చేస్తుంది. మర శుభ్రం చేసే చేజర్ దొరికితే మేలు, దొరకకపోతే మీ పాత బోల్టుల్లో మరలు చెడనిది ఒకటి తీసుకుని, మరల మీదుగా నిలువునా రెండు మూడు గాళ్లు హాక్సా బ్లేడుతో కోసి, అంచులను ఆకురాయితో సరిచేసి వాడుకోవచ్చు. దాన్ని చేత్తో దింపి, తీసి, తుడిచి, మళ్లీ దింపాలి. గాళ్లలో పేరుకునే నల్లని పొడి రావడం ఆగేదాకా ఇలా చేయాలి. తర్వాత బ్రేక్ క్లీనర్ కొట్టి, కంప్రెసర్ గాలితో ఊదాలి. గాలి కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, రంధ్రం అడుగు నుంచి ఎగిరే ద్రవం నేరుగా ముఖం మీదికే వస్తుంది. చివరగా టార్చి వేసి అడుగు చూడాలి, తెల్ల గుడ్డ దింపితే మరక లేకుండా రావాలి.

రంధ్రం శుభ్రమైందో లేదో వేళ్లే చెబుతాయి. హెడ్ పెట్టకముందే కొత్త బోల్టును ప్రతి రంధ్రంలోనూ వేళ్లతో తిప్పి చూడండి. పానా సాయం లేకుండా మరలు అయిపోయేదాకా దిగాలి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడ ఇంకా పని మిగిలి ఉందని అర్థం. కొన్ని ఇంజిన్లలో ఒకటి రెండు రంధ్రాలు నీటి గదిలోకి తెరుచుకుని ఉంటాయి. వాటిలో దిగే బోల్టు మరలకు నూనె బదులు మాన్యువల్ చెప్పిన సీలెంట్ రాయాలి, లేకపోతే కూలెంట్ మరల వెంట పైకి పాకుతుంది.

మీరు హెడ్‌ను ఫేసింగ్‌కు ఇచ్చారు కనుక ఇంకో రెండు విషయాలు. మొదటిది, చాలా డీజిల్ హెడ్‌లకు కంపెనీ ఫేసింగ్‌ను అనుమతించదు, అనుమతించినా పరిమితి చాలా స్వల్పం. ఎంత కోశారో మెషిన్ షాపులో అంకెతో రాయించుకుని మాన్యువల్‌తో పోల్చుకోండి. రెండవది, హెడ్ ఎంత పలుచబడితే బోల్టు బ్లాకులోకి అంత ఎక్కువ దిగుతుంది. రంధ్రం అడుగున ఖాళీ తక్కువగా ఉన్న ఇంజిన్‌లో బోల్టు కొస అడుగును తాకి, బిగిసినట్టు అనిపించి, హెడ్ మాత్రం వదులుగా ఉండిపోవచ్చు. వెర్నియర్ లోతు కడ్డీతో రంధ్రం లోతు కొలిచి, హెడ్ మందాన్నీ బిగిశాక గ్యాస్కెట్ మందాన్నీ కలుపుకుని, బోల్టు పొడవుతో సరిచూస్తే తెలిసిపోతుంది.

హెడ్ సమతలాన్ని స్ట్రెయిట్ ఎడ్జ్ (నిటారైన ఉక్కు పట్టీ), ఫీలర్ గేజుల (సందు కొలిచే పలుచని రేకుల)తో పొడవునా, అడ్డంగా, రెండు మూలల వెంటా చూడాలి. చాలా కార్లకు వంపు పరిమితి 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మన ప్రాంతంలో కనిపించే ఒక అలవాటును ఇక్కడ ప్రస్తావించక తప్పదు. పాలిష్ పట్టిన కడప బండ మీద ఎమరీ పేపర్ పరిచి, దాని మీద హెడ్‌ను రుద్ది లెవెల్ చేశామంటారు. ఇంటి నేలకు ఆ బండ ఎంత నునుపైనా, దాన్ని 0.05 మిల్లీమీటర్ల లెక్కలో చెక్కరు. చేత్తో రుద్దినప్పుడు అంచులు ఎక్కువ అరుగుతాయి, పైగా ఎమరీ గరుకు ఆయిల్ దారుల్లో చేరి బేరింగులను తినేస్తుంది. ఇప్పటి పొరల ఉక్కు గ్యాస్కెట్లకు ఉపరితలం మరీ నున్నగా, సమంగా ఉండాలి. అది మెషిన్ మీద మాత్రమే సాధ్యం. బ్లాకు ముఖం మీద అంటుకున్న పాత గ్యాస్కెట్ తీయడానికి కూడా గ్రైండర్‌కు తగిలించే రాపిడి చక్రాలు వాడనివ్వకండి. బ్లేడును ఏటవాలుగా పట్టి ఓపికగా గీకాలి.

హెడ్ మెషిన్ షాపు నుంచి వచ్చేదాకా బ్లాకు తెరిచే ఉంటుంది. అనంతపురం గాలులకు, ముఖ్యంగా జూన్ నుంచి ఆగస్టు దాకా, ఒక్క పూటలోనే సన్నని మట్టి పొర పేరుకుంటుంది. శుభ్రం చేసిన రంధ్రాల్లో గుడ్డ ఉంచి, బ్లాకు మొత్తాన్ని ప్లాస్టిక్ కవరుతో కట్టేయమని చెప్పండి. హెడ్ పెట్టే రోజున మరోసారి గాలి కొట్టించండి.

నూనె విషయం. కొన్ని కొత్త బోల్టులకు కంపెనీవారే పూత పూసి పంపుతారు, పొట్లం మీద ఆ సంగతి రాసి ఉంటే కడగకుండా అలాగే వాడాలి. అలా లేనివాటికి మరల మీదా, తల కింది అంచు మీదా, వాషరుకు రెండు వైపులా శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాసి, గుడ్డ మీద నిలబెట్టి కారనివ్వాలి. బోల్టు తడిసినట్టు మెరవాలి గానీ చుక్క వేలాడకూడదు. నూనెను రంధ్రంలో పోయడం మాత్రం పూర్తిగా తప్పు, పైన చెప్పిన ద్రవం చిక్కును మన చేతులతోనే తెచ్చుకున్నట్టవుతుంది. తల కింద రాయడం చాలామంది మరచిపోతారు, రాపిడిలో సగం అక్కడే ఉందని గుర్తుంచుకోవాలి. గ్రీజు, మాలిబ్డినం పేస్టు లాంటివి ఇంజిన్ ఆయిల్ కంటే ఎక్కువ జారుతాయి కనుక అదే టార్కుకు బోల్టు మితిమీరి సాగుతుంది. మాన్యువల్ పేరు పెట్టి చెబితే తప్ప అవి వద్దు. విడి వాషర్లకు ఒక వైపు అంచు గుండ్రంగా ఉంటే ఆ వైపు బోల్టు తలకు ఆనాలి, చదును వైపు హెడ్ మీద కూర్చోవాలి.

హెడ్ పెట్టేటప్పుడు గ్యాస్కెట్‌ను పక్కకు జరిపితే దాని పూత గీరుకుపోతుంది. పాత బోల్టులు రెండిటి తలలు కోసి, కొసలో స్క్రూడ్రైవర్‌కు గాడి పెట్టి, ఎదురెదురు మూలల్లో నిలిపితే హెడ్ వాటి వెంట నిటారుగా దిగుతుంది. మిగతా బోల్టులు చేత్తో పట్టించాక ఆ రెండింటినీ తీసి అసలు బోల్టులు వేయాలి. అంతకు ముందు పిస్టన్లను సగం లోతుకు దించి ఉంచాలి, పైన ఉన్న పిస్టన్‌కు తెరిచిన వాల్వు తగిలితే వంగిపోతుంది. డీజిల్ గ్యాస్కెట్లు చాలావాటికి అంచున మందాన్ని సూచించే గాట్లో రంధ్రాలో ఉంటాయి, పాతదానికి ఎన్ని ఉన్నాయో కొత్తదానికీ అన్నే ఉండాలి. పైకి ఉండాల్సిన ముఖం మీద సాధారణంగా గుర్తు ముద్రించే ఉంటుంది. గ్యాస్కెట్‌కు అదనంగా జిగురేదీ రాయకండి.

బిగింపు. ఇంజిన్ చల్లగా ఉండాలి. వరుస మధ్య బోల్టులతో మొదలై సుడి తిరుగుతూ చివరలకు పోతుంది, విప్పేటప్పుడు దీనికి తలకిందులుగా చివరల నుంచి మధ్యకు రావాలి. నులక మంచానికి తాడు బిగించిన వారికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది: పక్క పేటను లాగగానే మొదట లాగిన పేట కాస్త వదులవుతుంది, అందుకే ఒకేసారి బిగించకుండా విడతలు విడతలుగా లాగుతారు. హెడ్‌లోనూ పక్క బోల్టు బిగిసేకొద్దీ గ్యాస్కెట్ అణిగి, ముందు బిగించినది కొంత వదులవుతుంది. ప్రతి విడతలోనూ అన్ని బోల్టులూ అయ్యాకే తర్వాతి విడతకు వెళ్లాలి. ఉదాహరణకు 20 న్యూటన్ మీటర్లు, తర్వాత 40, తర్వాత 90 డిగ్రీలు, మళ్లీ 90 అనే క్రమం చాలా ఇంజిన్లలో కనిపిస్తుంది. ఇది పద్ధతి తెలియడానికి చెప్పిందే, అంకెలు మాత్రం మీ మాన్యువల్‌లోవే తీసుకోవాలి. పాత పుస్తకాల్లో కిలోగ్రామ్ మీటర్లు ఉంటే 9.8తో గుణించాలి, ఫుట్ పౌండ్లు ఉంటే 1.356తో. ఈ మార్పిడిలో పొరపాటు జరిగి బోల్టు తెగిన పనులు చూశాను.

డిగ్రీల విడతకు ముందు ప్రతి బోల్టు తల మీదా, దానికి ఎదురుగా హెడ్ మీదా తెల్ల పెయింటుతో ఒక గీత పెట్టించండి. 90 డిగ్రీలు తిరిగాక గీత ఎక్కడ ఆగిందో కంటితో సరిచూడవచ్చు, ఏ బోల్టు మిగిలిపోయిందో కూడా తెలుస్తుంది. యాంగిల్ గేజ్ ఉంటే ఇంకా మంచిది. చేతి బిగువుతో అలవాటుగా చేస్తానని ఎంత అనుభవం ఉన్నవారు చెప్పినా ఒప్పుకోకండి, అన్ని బోల్టుల్లోనూ సమానమైన బిగువును ఏ చెయ్యీ చెప్పలేదు. గాలి గన్ను ఈ పనికి తేనే కూడదు. రెంచిని కుదుపు లేకుండా ఒకే లాగుడుతో లాగాలి. టార్కు రెంచి పరిధిలో అట్టడుగు అంకెల దగ్గర నమ్మకం తక్కువ, 20 న్యూటన్ మీటర్ల విడతకు 200 దాకా చూపే పెద్ద రెంచి సరిపోదు.

బిగిస్తుండగా బోల్టు కీచుమంటూ ఆగి ఆగి కదిలితే, మరలోనో తల కిందో పొడిగా ఉందని అర్థం. దాన్ని విప్పి చూసి సరిచేయాలి. డిగ్రీల విడతలో ఏదైనా బోల్టు గట్టిపడకుండా మెత్తగా తిరుగుతూ పోతుంటే, బోల్టు సాగిపోతోంది లేదా బ్లాకులోని మర ఊడుతోంది. అక్కడే ఆపేయాలి. బ్లాకు మర పోతే హెలికాయిల్ (చెడిన మర స్థానంలో వేసే ఉక్కు తీగ చుట్ట) వేయించి మళ్లీ మొదటి నుంచి చేయాలి. మీ మెకానిక్ ఆ చోట ఇంకో చుట్టు తిప్పి సర్దేస్తానంటే అనుమతి ఇవ్వకండి.

మళ్లీ బిగించడం గురించి. పాత అంబాసిడర్, పద్మిని, పాత జీపుల్లో ఆస్బెస్టాస్ పీచుతో చేసిన గ్యాస్కెట్లు ఉండేవి. అవి వేడికి ఇంకా అణిగి బోల్టులు వదులయ్యేవి, కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించడం అప్పట్లో సరైన పనే. ఆ అలవాటు చాలామంది పెద్ద మెకానిక్‌లలో ఇప్పటికీ ఉంది, వారి మాటలో తప్పు లేదు, అది వేరే ఇంజిన్‌కు చెందిన మాట. పొరల ఉక్కు గ్యాస్కెట్ అలా అణగదు. ఈల్డ్ దాకా బిగించిన బోల్టుకు మళ్లీ పానా పెడితే అది కదలకపోవచ్చు, కదిలితే అదనంగా సాగుతుంది. ఆ రెండింటిలో ఏదీ మేలు చేయదు.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు, బండి అసలు ఎందుకు వేడెక్కిందో తేల్చుకోండి. ఫ్యాను, థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్ నాలుగూ చూడాలి. మన జిల్లాల్లో బోరు నీళ్లు రేడియేటర్‌లో పోసి సున్నం పేరుకోవడం సర్వసాధారణం, అది అలాగే ఉంటే కొత్త బోల్టులు కూడా గ్యాస్కెట్‌ను కాపాడలేవు. కంపెనీ కూలెంటును, కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి, గాలి బుడగలు పోయేదాకా నింపండి. ఫ్యాను తిరిగేదాకా నిలిపి నడిపి, ఆపి, రాత్రంతా చల్లారనివ్వండి. పొద్దున మూత తీసి కూలెంట్ మట్టం చూడండి. బుడగలు పోవడం వల్ల మొదటి రోజు కొంచెం తగ్గడం మామూలే. రోజూ తగ్గుతున్నా, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై గొట్టం రాయిలా గట్టిపడుతున్నా, సిలిండర్ గాలి కూలెంట్‌లోకి వస్తోందని అర్థం. అప్పుడు ఎవరు చెప్పినా బోల్టులను ఇంకాస్త బిగించి చూడకండి. హెడ్ దించి, గ్యాస్కెట్ మీద ముద్ర ఏ వైపు మసకగా ఉందో చూస్తే ఏ బోల్టు దగ్గర, ఏ రంధ్రంలో తప్పు జరిగిందో అక్కడే తెలుస్తుంది.